నాయన రాయని హెచ్

వనపర్తి,
8 జూన్ 2025.

తమ్ముడు జయపాల్‌కు,

అక్క లలితమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. నువ్వు, సుప్రియ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మీ బావకు మోకాళ్ల నొప్పి తప్ప అందరం బాగున్నాం.

ఫోన్ ఉండగా ఈ కాగితం ఎందుకని అనుకుంటావు. పోయిన నెల నాయన సమాధి రాయి సంగతి మాట్లాడదామని ఫోన్ చేస్తే ఏం చేశావు? కొట్టులో స్పీకర్ పెట్టి మాట్లాడావు. వెనక ఎవరో రైతు తన మోటరు ఎప్పుడిస్తావని అడుగుతున్నాడు. నేను రెండు మాటలు గట్టిగా అనేసరికి కట్ చేశావు. కాగితాన్ని కట్ చేయలేవు కదా. పైగా రాసిన మాట చేతిలో ఉంటుంది. రేపు "నేను గట్లనలే" అనడానికి ఉండదు.

సంగతి ఇది. వచ్చే ఆగస్టు 24 ఆదివారానికి నాయన పోయి ఏడాది. ఆ రోజు జ్ఞాపకార్థ కూడిక పెట్టి సమాధికి రాయి నిలబెట్టాలని మీ బావా నేనూ అనుకున్నాం. రాయి మీద ఏం రాయించాలో తోచక నాయన ట్రంకు పెట్టె దించి పాత డైరీలు చూస్తున్నాను. అన్నీ ఇంగ్లీషులోనే. 1996 డైరీలో ఫిబ్రవరి 17 పేజీలో ఒక్కటే వాక్యం ఉంది. దాన్ని రాసి పంపుతున్నాను.

"జయపాల్ హాత్ నాట్ డన్ దిస్ థింగ్, ఐ విష్."

హాత్ అంటే హ్యాజ్, ఆయన పాతకాలపు ఇంగ్లీషు నీకు తెలిసిందే. అంటే జయపాల్ ఈ పని చేయలేదు, అని నా కోరిక. కోరిక ఏంది తమ్ముడూ?

ఆ ఫిబ్రవరి గురించి మనిద్దరం ఒక్కసారి కూడా నోరు తెరిచి మాట్లాడుకోలేదు. అందుకని నాకు తెలిసింది మొదటి నుంచి రాస్తాను, తప్పుంటే దిద్దు. పదో తరగతి ప్రీఫైనల్ ఇంగ్లీషు ప్రశ్నపత్రాల కట్టను అటెండర్ కురుమూర్తి వనపర్తి నుంచి సైకిల్ మీద తెచ్చాడు. బడి బీరువా తాళం చెడిపోయిందని, ఇంగ్లీషు సారు తనే కాబట్టి నాయన ఆ కట్టను పెబ్బేరులో మన ఇంట్లోనే, ఈ ట్రంకు పెట్టెలోనే పెట్టాడు. పరీక్షకు ముందు రోజే ప్రశ్నలు పెబ్బేరు సంతలో చేతులు మారాయి. సీలు చూస్తే లక్క లేదు, ఎర్ర కొవ్వొత్తి మైనం ఉంది. కట్ట ఉన్న ఇంట్లో పదో తరగతి చదివే పిల్లాడివి నువ్వున్నావు. విచారణకు వచ్చిన ఆఫీసర్ ముందు నాయన నిలబడి "నా కొడుకు తియ్యలేదు" అన్నాడు. ఇక మిగిలింది కురుమూర్తి. టెంపరరీ మనిషి, రేపటి నుంచి రావద్దన్నారు, అంతే. నాకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు, వనపర్తిలో ఉన్నాను. కళ్లతో చూసింది ఏమీ లేదు. నాయన చెప్పాడు, నేను నమ్మాను. నాయన చెప్పాడంటే జరిగినట్టే కదా మనకు.

బడిపిల్లలు ఆయన్ని ఊరికే వెరిలీ సారు అనలేదు. వెరిలీ, ఫర్‌సూత్, సర్టెస్ అని ఇంగ్లీషువాళ్లే వాడటం మానేసిన మాటలన్నీ ఏరుకొచ్చి ప్రతి వాక్యానికీ ఒకటి తగిలించేవాడు. నిజంగా, నిశ్చయంగా, సత్యంగా అని. అట్లాంటి మనిషి ఆఫీసర్ ముందు నిశ్చయంగా చెప్పి, ఇంటికొచ్చి డైరీలో కోరిక అని రాసుకున్నాడంటే లోపల ఏదో ఉంది. ఏముందో నీకే తెలియాలి.

జవాబు రాయి. ఫోన్ మాత్రం చేయకు.

అక్క
లలితమ్మ


లింగాల,
19 జూన్ 2025.

అక్కకు, బావకు వందనాలు.

ఉత్తరం అందింది. వానలు పడ్డాయి, బోర్లు వేసే కాలం. వోల్టేజి ఎక్కువ తక్కువై రోజుకు నాలుగు మోటర్లు కాలి నా కొట్టుకు వస్తున్నాయి. తీగ చుట్టి చుట్టి వేళ్లు పనిచేయడం లేదు, అందుకే ఆలస్యం. సుప్రియ నడుము నొప్పి కొంచెం తగ్గింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో చూపించాం.

నువ్వు రాసిన దాంట్లో దిద్దడానికి ఏమీ లేదు. డైరీలో మాట చదివి కొట్టు బయట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. బాధపడ్డానని అనుకోకు. ఎందుకో కొంచెం తేలికగా అనిపించింది. నాయన కోరుకున్నాడు, అంతే కదా. తండ్రి అన్నవాడు కోరుకోకుండా ఉంటాడా? లోపల ఏముందో తవ్వడం ఎందుకు? ఆయన లేడు. రాయి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చాలు. వాక్యాలు వద్దు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ కవరును ఒకసారి విప్పి మళ్లీ అంటించారు. పాత జిగురు మీద కొత్త జిగురు కనబడుతోంది. ఎవరు చదివారు? నీ కూతురు అఖిలకు గానీ చెప్పావా? అది మంచి పిల్లే, కానీ దాని నోట్లో నువ్వుగింజ నానదు.

నీ తమ్ముడు
జయపాల్


వనపర్తి,
27 జూన్ 2025.

తమ్ముడికి వందనాలు.

కవరు విప్పింది నేనే. తేదీ వేయడం మరిచిపోయి, విప్పి వేసి మళ్లీ అంటించాను. అన్నం మెతుకుతో కాదు, మంచి జిగురుతోనే అంటించాను. మీ బావకు చూపించి అంటించిన చోటు ఎక్కడో చెప్పమంటే చెప్పలేకపోయాడు. నీకు మాత్రం చేతికి అందగానే తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఉత్తరంలో సంగతి వదిలేసి కవరు మీద పడ్డావు.

తేలికగా అనిపించిందా? తండ్రి నిన్ను పూర్తిగా నమ్మలేదని తెలిస్తే ఎవడికైనా కడుపు రగులుతుంది. నువ్వైతే ఫోన్‌లో ఒక మాట ఎక్కువైతేనే కట్ చేసే మనిషివి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మోటర్ల గురించి ఉంది, సుప్రియ నడుము గురించి ఉంది. "నేను తీయలేదు" అన్న మాట ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. పోయిన వారం అఖిలను చూడడానికి గద్వాల పోయాను. అది ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరిన కాలేజీ బస్టాండుకు దగ్గరే. అక్కడ కురుమూర్తి భార్య జమ్ములమ్మ కనబడింది. వాళ్లు అప్పుడే పెబ్బేరు వదిలేసి ఆమె పుట్టిన ఊరు వడ్డేపల్లి పోయారు కదా. విత్తనపత్తి చేలలో కూలి చేసి బతికారు. నేను తల తిప్పుకున్నాను. అయినా ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంది. కురుమూర్తికి ఒంట్లో బాగా లేదట. "నాకు వేరే ఏమొద్దు లలితమ్మా. గాయన సచ్చేలోపల మీ ఇంట్ల ఒక్కరన్న వచ్చి, నువ్వు తియ్యలేదు అనాలె. గంతే" అంది. బస్సు వచ్చిందని చెప్పి వచ్చేశాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నాయనను మట్టిచేసిన రోజు కురుమూర్తి వచ్చాడు. గేటు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేనే పోయి, "సారు పేరు చెడగొట్టినోనివి, మట్టి వెయ్యనీకొచ్చినవా?" అన్నాను. చెప్పులు తొడుక్కుని పోయాడు. నాయన మాట మీద నిలబడి అన్నాను ఆ మాట. ఇప్పుడు ఆ మాట కింద నేల ఉందో లేదో తెలియడం లేదు. నాయన ఉట్టిగా కోరుకున్నాడేమో అనిపించినప్పటి నుంచి ఆ మనిషి వంగి చెప్పులు తొడుక్కోవడమే కళ్ల ముందు కనబడుతోంది.

సూటిగా అడుగుతున్నాను. కట్ట మన ఇంట్లో ఉన్న ఆ మూడు రోజులు నువ్వు ఏం చేస్తున్నావు? నాయన పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టేవాడు?

అక్క
లలితమ్మ


లింగాల,
6 జులై 2025.

అక్కా,

వందనాలు. ఇది ఉత్తరమా, పోలీసు స్టేషన్ కాగితమా? తాళంచెవి ఎక్కడుండేదో ముప్పై ఏళ్ల తర్వాత నన్ను అడుగుతున్నావు. నాయన అంగీ జేబులో ఉండేది. అంగీ వంకెకు వేలాడేది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ కనబడేది. చాలా?

కురుమూర్తన్నను గేటు దగ్గరి నుంచి పంపించావని నాకు ఎవరూ చెప్పలేదు. నేను వచ్చేసరికి మట్టి వేయడం అయిపోయింది కదా. ఎందుకు పంపావు? నిన్ను ఎవరు అడగమన్నారు? ఆ మనిషి నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయేవాడు. జొన్నరొట్టె తింటే నాకు సగం పెట్టకుండా తినలేదు. పెద్దదానివి, ఒక ముసలి మనిషిని సమాధుల దగ్గర అంత మాట అనడానికి నీకు నోరెట్లా వచ్చింది?

నువ్వు జమ్ములమ్మను అనుకోకుండా కలిశావంటే నమ్మబుద్ధి కావడం లేదు. గద్వాల బస్టాండులో అంత జనంలో సరిగ్గా ఆమే కనబడిందా? నువ్వూ అఖిలా కలిసి నా చేత ఏదో అనిపించాలని చూస్తున్నారు. రాసింది చేతిలో ఉంటుందని మొదటి ఉత్తరంలోనే చెప్పావు. నా ఉత్తరాలు దాచిపెడుతున్నావని నాకు తెలుసు.

నా మాట విను. ఆ డైరీ కాల్చేయి. కాల్చడానికి మనసు రాకపోతే నాకు పంపు. అఖిల చేతికి మాత్రం ఇవ్వొద్దు. అది ఇంగ్లీషు చదివిన పిల్ల, ఒక్క మాటకు పది అర్థాలు తీస్తుంది. నాయన కోరుకున్నాడు, అది నాకు చాలు. నన్ను దాంతోనే ఉండనీ.

కూడికకు వచ్చేదీ రానిదీ తర్వాత చెప్తాను.

జయపాల్


వనపర్తి,
20 జులై 2025, ఆదివారం.

బంగారు తమ్ముడు జయపాల్‌కు,

నీ అక్క తప్పయిందని ఒప్పుకుని రాస్తున్న ఉత్తరం ఇది. కోపం పక్కన పెట్టి చివరి దాకా చదువు. చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

నువ్వు వద్దన్నావు కాబట్టే డైరీని అఖిలకు ఇచ్చాను. కాల్చమన్నావు కదా, కాల్చమన్న కాగితంలో ఏముందో తెలుసుకోకుండా ఉండగలనా? నిన్న అది గద్వాల నుంచి వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ చూసింది. నా వైపు చూసి, "అమ్మా, దీంట్ల హెచ్ ఎక్కడుంది?" అంది.

హెచ్ లేదు తమ్ముడూ. నాయన ఐ విష్ అని రాయలేదు. చిన్న ఐ, డబ్ల్యూ, ఐ, ఎస్. నాలుగక్షరాలు, ఒకే మాట, మధ్యలో ఖాళీ కూడా లేదు. నేనే పెద్ద ఐ చేశాను, నేనే విడగొట్టాను, చివర హెచ్ కూడా నేనే తగిలించాను. కావాలని కాదు. చిన్నప్పుడు నాయన డిక్టేషన్ పుస్తకాలన్నీ నా ముందు పడేసి ఎర్రపెన్ను ఇచ్చేవాడు కదా, అప్పటి నుంచి అక్షరం తప్పు కనబడితే నా చెయ్యి ఆగదు. పెద్దతనంలో నాయనకు చెయ్యి వణికి హెచ్ పడిపోయిందనుకుని దిద్దేశాను. 1996లో ఆయనకు యాభై ఏళ్లు కూడా లేవన్న సంగతి తట్టనే లేదు. నాయన తప్పు రాస్తాడా? అందులోనూ ఐ విష్ అని వాక్యం చివర తోక పెడితే పిల్లల చెవులు మెలిపెట్టేవాడు.

ఆ మాటను ఇవిస్ అని పలకాలట. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో గెవిస్ అనే మాట ఉండేదట. ఖాయమైనది, తిరుగు లేనిది అని అర్థం. ముందున్న గె అరిగి అరిగి ఇ అయింది. జర్మనీ వాళ్ల భాషలో ఆ మాట ఇప్పటికీ గెవిస్ అనే బతికుందట. ఎరుక, తెలివి అని చెప్పే విట్, వైజ్ అన్న ఇంగ్లీషు మాటలు కూడా దీని చుట్టాలేనట. కొన్ని వందల ఏళ్ల తర్వాత వాళ్లకే ఇది అర్థం కాక, ఐ అంటే నేను, విస్ అంటే ఎరుగుదును అనుకుని రెండు ముక్కలు చేసి చదివారట. అచ్చేసేవాళ్లు కూడా పెద్ద ఐ పెట్టేశారట. "పెద్ద పెద్దోళ్లే పొరపడ్డరమ్మా, నువ్వు ఒక హెచ్ ఎక్కువేసినవ్ గంతే" అని నవ్వింది అఖిల. నాయన పాత డిక్షనరీ తీస్తే ఆ మాట పక్కన ఆయన పెన్సిల్ టిక్కు కూడా ఉంది. మన మాటలో చెప్పాలంటే పక్కా.

ఇప్పుడు చదువు. జయపాల్ ఈ పని చేయలేదు, పక్కా. నాయన ఆఫీసర్ ముందు ఏం చెప్పాడో, ఒక్కడే కూర్చుని ఎవరూ చూడని డైరీలో అదే రాసుకున్నాడు. నీ మీద ఆయనకు అనుమానం ఆవగింజంత కూడా లేదు. అనుమానమంతా నా ఒక్క హెచ్‌లో ఉంది. ఆ హెచ్ పట్టుకుని నేను నిన్ను ఎన్ని అడిగాను! తాళంచెవి గురించి అడిగాను, గుమ్మడికాయల దొంగ అన్నాను. నిన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన చేతులతోనే అవన్నీ రాశాను. క్షమించు. ఏడుస్తూ ఉన్నాను, కానీ మనసు తేలికపడింది.

రాయి చెక్కే మనిషితో మాట్లాడాను. పేరు, తేదీల కింద నాయన వాక్యాన్ని తెలుగులో చెక్కిస్తాను. "నా కుమారుడు ఈ పని చేయలేదు, ఇది నిశ్చయము" అని. అదేం మాట, సమాధి మీదనా అని మీ బావ గొణిగాడు. పెబ్బేరు వాళ్లందరూ వచ్చి చదవాలి, ముప్పై ఏళ్లు నీ వెనక గుసగుసలు పోయిన నోళ్లు మూతపడాలి. బుధవారం కల్లా రాయి మీద గీతలు గీసి చూపిస్తానన్నాడు, ఆపైన చెక్కుడే.

వచ్చే వారం వడ్డేపల్లి కూడా పోతున్నాను. జమ్ములమ్మ ముందు ఈ డైరీ పెట్టి, ఇంకోసారి మా గడప తొక్కొద్దని కురుమూర్తితో చెప్పి వస్తాను. పోయిన ఉత్తరంలో జాలిపడ్డాను చూడు, ఆ జాలి కూడా హెచ్ వల్ల వచ్చిందే.

నువ్వు, సుప్రియ, పిల్లలు ఆగస్టు 23న సాయంత్రానికే రావాలి. రాయి మీద గుడ్డ తీసేది నువ్వే.

నీ అక్క
లలితమ్మ


లింగాల,
29 జులై 2025.

అక్కా,

ఈ ఉత్తరం చదవడం ముగించకముందే రాయి చెక్కే మనిషికి ఫోన్ చేసి ఆపు. వడ్డేపల్లి ఇంకా పోకపోయి ఉంటే పోవద్దు. పోయి ఉంటే, ఆ ముసలాయనను ఏమన్నావో నాకు రాయొద్దు, చదవలేను.

పేపర్ తీసింది నేను.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులుగా ఒక్క మోటరు చుట్టలేదు. సుప్రియ ఒంట్లో బాగా లేదా అని అడిగింది. ఆమెకు ఈ పొద్దున చెప్పాను. నీకు ఇప్పుడు రాస్తున్నాను. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

నేను ఇంగ్లీషులో తప్పుతున్నానని నీకు తెలియదు. ఇంగ్లీషు సారు కొడుకు ఇంగ్లీషులో పాస్ కాడంటే ఊరంతా నవ్వుతుంది. హాఫ్ ఇయర్లీ పేపర్ ఆయనే దిద్ది, నాకు పన్నెండు మార్కులు వేసి, తిట్టలేదు, కొట్టలేదు, "వెరిలీ, యు విల్ ఇంప్రూవ్" అన్నాడు. కొట్టినా బాగుండేది. కట్ట ఇంటికి వచ్చిన మరుసటి రోజు ఆయన స్నానానికి పోతే జేబులో తాళంచెవి తీశాను. లక్కను బ్లేడుతో లేపాను. అది పగిలిపోయింది. ప్రశ్నలు రాసుకుని, చర్చిలో మిగిలిన క్రిస్మస్ కొవ్వొత్తి కరిగించి అంటించాను. కవరు విప్పి అంటిస్తే నాకు చేతికి అందగానే ఎట్లా తెలుస్తుందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ప్రశ్నలు నా దగ్గరే ఉంచుకుంటే ఏమీ అయ్యేది కాదు. గొప్ప కోసం ఇద్దరు దోస్తులకు చూపించాను. వాళ్ల నుంచి సంతకు పోయింది.

ఆఫీసర్ ముందు నాయన మాట్లాడుతుంటే నేను తలుపు పక్కనే ఉన్నాను. కురుమూర్తన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నోరు తెరవలేదు. పదహారేళ్లవాడివి, భయపడ్డావు అని నువ్వు సర్దిచెప్పొద్దు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, ఇరవై ఐదేళ్లు వచ్చాయి. అప్పుడు కూడా తెరవలేదు. పబ్లిక్ పరీక్ష రాయకుండా పుణె మట్టిపనికి పోయింది పేపర్ వల్ల కాదు, ఆయన మొహం చూడలేక.

ఒక్క నమ్మకంతో బతికాను అక్కా. నాయనకు తెలుసని అనుకున్నాను. పుణె పోయేరోజు పెబ్బేరు బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సీలు అంటించిన రోజే నా గోళ్ల సందుల్లో మైనం చూసి ఉంటాడనుకున్నాను. తెలిసి, కొడుకును కాపాడుకున్నాడని, తప్పులో సగం ఆయన కూడా మోస్తున్నాడని అనుకుని ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాను. నువ్వు ఐ విష్ అని రాసినప్పుడు తేలికగా అనిపించిందన్నాను కదా, ఇందుకే. చేయకపోతే బాగుండునని కోరుకున్నాడంటే చేశానని తెలిసినట్టే. ఆ మాటతో నన్ను ఉండనీ అని బతిమాలాను.

నువ్వు హెచ్ తీసేశావు. ఆయనకు ఏమీ తెలియదు. నూటికి నూరుపాళ్లు నమ్మి ఇంకొకరి నోటికాడి కూడు తీసేశాడు, నమ్మే చనిపోయాడు. నా తప్పులో ఆయన వాటా లేదు, మొత్తం నాదే. నువ్వు సంతోషంతో ఏడుస్తూ రాసిన ఉత్తరమంత బరువైనది నేను ఎన్నడూ ఎత్తలేదు.

ఏం చేయమంటావో చెప్పు. కూడికకు రావద్దంటే రాను. ఈ ఉత్తరం దాచిపెట్టు. ఎవరికి చూపించాలో నీ ఇష్టం.

జయపాల్


వనపర్తి,
12 ఆగస్టు 2025.

జయపాల్‌కు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి నాలుగు రోజులు నీ పేరు తలుచుకుంటేనే ఒళ్లు మండింది. మీ బావ అన్నం ముందు పెట్టి బతిమాలాడు. నీ మీద కోపమా, నాయన మీద కోపమా, నా మీద కోపమా అని అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు. రాయి చెక్కే మనిషిని ఆపాను. సమయానికి గీతలే గీశాడు, ఉలి పెట్టలేదు.

నీ ఉత్తరం చేరేనాటికి నేను వడ్డేపల్లి పోలేదు. ప్రయాణానికి సిద్ధమై, మీ బావ మోకాళ్ల కోసం ఆగిపోయాను. మొన్న శుక్రవారం పోయాను, డైరీతో కాదు, నీ ఉత్తరంతో. పత్తి చేలలో పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ పని మొదలైంది. ఆడవాళ్లంతా తెల్లవారకముందే పోయారు, ఊరు ఊరంతా ఖాళీగా ఉంది. జమ్ములమ్మ ఒక్కతే వాకిట్లో ఉంది, ఆయన్ని వదిలి పనికి పోవడం మానేసిందట. నన్ను చూసి లేచి నిలబడింది. తిట్టడానికి వచ్చాననుకుంది. నేను పోవాలనుకున్నది కూడా అందుకే కదా.

కురుమూర్తన్న మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ముందు నా వంతు చెప్పుకున్నాను. గేటు దగ్గర అన్న మాటకు కాళ్లు పట్టుకోబోతే కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నీ ఉత్తరం మొత్తం చదివాను. రొట్టె సంగతి ఇందులో లేదు, ముందటి ఉత్తరంలో రాశావు కదా, అది నోటితో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక ఇంకోసారి చదవమన్నాడు. రెండోసారి అయ్యాక ఇట్లా అన్నాడు.

"నాకు ఎరికనే లలితమ్మా. పిలగాడు లక్క అంటిన బ్లేడు బయట పారేస్తుంటే చూసిన. గా రోజే సారుకు చెప్పిన. సారు, నీది తప్పు కురుమూర్తి, నా కొడుకు గసొంటోడు కాదు అన్నడు. సారు గట్ల అన్నంక ఇంక నా మాట ఎవరింటరు?"

నాయనకు తెలియదని నువ్వన్నావు. తెలియకపోవడం కాదు, చెప్పినా చెవిన పెట్టలేదు. ఆ పాత ఇంగ్లీషు మాటను ఎంత మురిసిపోయి నీకు వివరించాను! మూలం, పుట్టుక, జర్మనీ చుట్టాలు, అన్నీ రాశాను. నిశ్చయంగా చెప్పే మనిషి ఎదుటివాడి మాట వినడం మానేస్తాడని అఖిల డిక్షనరీలో ఎక్కడా లేదు. మన నాయన మంచివాడే. ఆ మంచితనంతోనే ఈ పని చేశాడు. నేనూ అదే నిశ్చయంతో గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన మీద ప్రేమ తగ్గలేదు తమ్ముడూ, కానీ ఆయన వాక్యం ఏదీ రాయి మీద పెట్టను. నువ్వు మొదట చెప్పినట్టే పేరు, రెండు తేదీలు.

జమ్ములమ్మ చాయ్ ఇచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఇంటి చాయ్ తాగాను. లేచి వస్తుంటే కురుమూర్తన్న, "జయపాల్ మంచిగున్నడా? పిల్లలెందరు?" అని అడిగాడు. ఇద్దరని చెప్పాను.

ఏం చేయమంటావని అడిగావు. ఉత్తరం నేను చదివితే చాలదు. కూడిక సంగతి తర్వాత, ముందు నువ్వు వడ్డేపల్లి పో. పత్తి పనివాళ్లు పగలంతా ఊళ్లో ఉండరు, పొద్దు వాలినాక వస్తారు. అందరూ ఇళ్లకు చేరాకే పో. నేను లోపల మంచం పక్కన కూర్చుని చదివాను. నువ్వు వస్తున్నావంటే మంచం వాకిట్లో వేయిస్తానంది జమ్ములమ్మ. ఆయనకు ఈ మధ్య చెవులు సరిగ్గా వినబడడం లేదు, చెప్పిందే రెండుసార్లు చెప్పించుకుంటున్నాడు. నెమ్మదిగా చెబితే కుదరదు తమ్ముడూ. గట్టిగా చెప్పాలి.

అక్క
లలితమ్మ